యాత్రావ్యాపారము – అతిథిధర్మము

కార్తీకమాసము వచ్చుటయే తడవు విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు త్రోవలన్నియు వాహనములతో క్రిక్కిరిసిపోవును. శృంగవరపుకోట దాటినది మొదలు ఘాటురోడ్డు పొడవునను బస్సు వెనుక బస్సు, కారు వెనుక కారు. సొరంగములను, లోయలను తిలకించుటకై రైలునకు 2017వ సంవత్సరమున అద్దాలపెట్టెను తగిలించిరి. సెలవుదినములలో దానిలో చోటు దొరకుటయే దుర్లభము. పాడేరు చెంత వంజంగి కొండమీద తెల్లవారుజామున మేఘములు పాలసముద్రమువలె పరచుకొనుట చూచుటకై యువజనులు గుంపులుగుంపులుగా ఎక్కుచున్నారు. లంబసింగి చలిలో వణకుటయు నొక వేడుకయైనది. ఇది తప్పని మే మనము. సొంతదేశపు కొండను, కోనను కన్నులార చూడనివాడు దేశభక్తిని గూర్చి యెంత ప్రసంగించినను అది పుస్తకములోని భక్తియే. కాని వేడుక తీరినవెనుక చూడవచ్చినవాడు ఇల్లు చేరును; చూపించినవాడు లెక్క చూచుకొనును; ఆ కొండమీద పుట్టి ఆ కొండమీదనే బ్రదుకవలసినవానికి మిగులున దేమి? నేడు మేము విచారింపదలచిన ప్రశ్న ఇది యొక్కటే.

ఈ ప్రశ్న వేయుటకు కారణము కలదు. రెండుమూడు వాహనములతో, నలుగురైదుగురు ఉద్యోగులతో నడచు చిన్న యాత్రాసంస్థలు మన పట్టణములలో విస్తారముగా వెలసినవి. వానిలో పెక్కింటి ప్రకటనలలో "బాధ్యతాయుత పర్యాటకము", "సుస్థిర పర్యాటకము", "ప్రకృతికి హాని చేయని విహారము" అను మాటలు కానవచ్చుచున్నవి. మాటలు మంచివే. 2002వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున వెలువడిన ప్రకటన ఈ బాధ్యతకు ఒక వరుస నేర్పరచినది. ఏ చోటైనను ముందు అక్కడ కాపురముండువారికి మేలైనది కావలెను. పిమ్మటనే చూడవచ్చువారికి మేలైనది కావలెను. ఈ వరుస తారుమారైనచో ఆ మాటకు అర్థమే లేదు. ప్రకటనలు చేయువారిలో దీనిని పాటించువా రెందరు? బట్టసంచి యొకటి చేతికిచ్చి, రెండు మొక్కలు నాటించి, ఛాయాచిత్రము తీయించినంతమాత్రమున బాధ్యత తీరునా?

మొదట నేలమాట. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతములు రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రిందకు వచ్చు గిరిజన ప్రదేశములు. 1959వ సంవత్సరపు 1వ రెగ్యులేషనును, దానిని సవరించుచు 1970లో వచ్చి వాడుకలో 1/70 అని పిలువబడు శాసనమును, అచ్చటి నేల గిరిజనేతరుల చేతికి పోరాదని కట్టడిచేసినవి. బొర్రా గుహలను చూడబోవువారిలో ఎంద రెరుగుదురో కాని, ఆ గుహల చుట్టుపట్ల పల్లెలలో గనుల కౌళ్లనుగూర్చి పుట్టిన వివాదమే సుప్రీంకోర్టువరకు పోయి, 1997 జూలై 11వ తేదీన "సమత" తీర్పుగా వెలువడినది. ఆ శాసనము దృష్టిలో ప్రభుత్వమును ఒక "వ్యక్తి"యే యనియు, గిరిజన ప్రదేశమునందలి భూమిని గిరిజనేతరులకు కౌలుకిచ్చుటకు దానికిని అధికారము లేదనియు న్యాయస్థానము తేల్చిచెప్పినది. తీర్పు గనులకు సంబంధించినదే. కాని శాసనము నిషేధించినది భూమి చేయిమారుటను. ఆ భూమిమీద గని త్రవ్వుదురా, విడిది కట్టుదురా అని అది యెంచి చూడలేదు.

శాసనము గోడవంటిది, ఆ గోడకు బినామీ యను కన్నము పడినది. పట్టా గిరిజనుని పేర నుండును. పెట్టుబడియు, పెత్తనమును, లాభమును పట్టణములోని పెద్దమనిషివి. పట్టాదారుడు తన నేలమీద తానే కాపలాదారుడై నిలిచి, వచ్చినవారి కార్లకు గేటు తీయుచుండును. ఇట్టిచోట తన అతిథులకు గదులు మాట్లాడు యాత్రాసంస్థ తాను శాసనమును మీరలేదని చెప్పుకొనవచ్చును. దొంగసొత్తని అనుమానము కలిగినచోట కన్నులు మూసికొని బేరమాడువాడు నిర్దోషి యగునా? కావున చిన్న సంస్థకు మొదటి విధి యేమనగా, బస కుదుర్చుకొనుటకు ముందు ఈ నేల యెవరిది, ఈ లాభ మెవరికి పోవును అని అడుగుట. ప్రభుత్వము నడుపు బసలు కలవు. గిరిజన కుటుంబములు తమ యిండ్లలోనే ఏర్పరచిన బసలు కలవు. వెదకువానికి త్రోవ దొరకకపోదు.

రెండవది రొక్కపుమాట. పట్టణమునుండి ఒకనాటి యాత్రకు పోవు బస్సును తలచుకొందము. బస్సు పట్టణముది, డ్రైవరు పట్టణమువాడు, ఉదయపు ఉపాహారము పట్టణమున కట్టించి తెచ్చిన పొట్లము, నీళ్లు పట్టణపు సీసాలు, మధ్యాహ్న భోజనము పైనుండి వచ్చినవారు పెట్టిన హోటలులో. సాయంకాలమునకు బస్సు కొండ దిగిపోవును. ఆ నాటి ఖర్చులో పల్లెవానికి ముట్టినది చిల్లరడబ్బులు. పల్లెలో నిలిచిపోయినది ఖాళీసీసాల గుట్ట. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1వ తేదీ మొదలు దేశమంతట నిషిద్ధములు. ఆ నిషేధమును పాటించుటకు మన్యములో గొప్ప యంత్రము లేవియు అక్కరలేదు. అడ్డాకులు కుట్టి విస్తళ్లు చేయు స్త్రీలు ప్రతి పల్లెలోను కలరు. వారివద్ద విస్తళ్లు కొన్నచో శాసనమును చెల్లును, వారి పొయ్యియు వెలుగును. ఇట్టి చిన్న సంగతియందే సంస్థ చిత్తశుద్ధి తెలియును.

కాఫీ సంగతియు నట్లే. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు రెండేండ్లు ముందే ఆ కాఫీ పారిస్ నగరమున అంగడి తెరచినది. ఆ గింజను పండించినవాడు సిల్వరుఓకు చెట్ల నీడలో తన రెండెకరములు చేసికొను గిరిజన రైతు. మిరియపుతీగను ఆ చెట్లకే ప్రాకించును. పసుపు, రాజ్మా చిక్కుడు, అల్లము సంతకు తెచ్చును. ఆ తోట ప్రక్కగా పోవు బస్సులోనివారు మాత్రము రోడ్డుప్రక్క బడ్డీలో ఊరుపేరులేని పొట్లము కొని, "అరకు కాఫీ తెచ్చితిమి" అని బంధువులకు పంచుచున్నారు. యాత్రాసంస్థ ఒక గంట కాలము ఆ తోటలో ఆపి, రైతుచేతనే కాఫీ కథ చెప్పించి, ఆ చెప్పినందుకు వానికి కూలి ముట్టజెప్పి, వానివద్దనే గింజ కొనిపించవచ్చును. ఇది ధర్మము కాదు, దానము కాదు. సరకునకు వెల, పనికి ప్రతిఫలము.

ఇది జరుగునా యని శంకించువారికి కేరళము సమాధానము. అచ్చట 2008వ సంవత్సరమున కుమరకము, వయనాడు, తేక్కడి, కోవళము అను నాలుగుచోట్ల బాధ్యతాయుత పర్యాటకమును ఆరంభించిరి. కుమరకమున పెద్ద హోటళ్లుండెను; వానికి కూరగాయలు దూరమునుండి లారీలలో వచ్చుచుండెను; హోటలు గోడకు ఇవతల ఊరివారికి పని లేకుండెను. పంచాయతి పూనుకొన్నది, కుటుంబశ్రీ స్త్రీసంఘములు బీడుపడిన నేలలు సాగుచేసి హోటళ్లకు కాయగూరలు సమకూర్చినవి, నేతకును, వలవిసరుటకును, తాళ్లు పేనుటకును అతిథులను పిలిచి చూపి, దానికి రుసుము తీసికొనిరి. 2017లో ఆ రాష్ట్రము దీనికొక ప్రత్యేక సంస్థనే ఏర్పరచినది. చేసినవారు దేవతలు కారు, మనవంటివారే. మనకు కొరవడినది కొండలును కాదు, నదులును కాదు. పంచాయతితో కూర్చుండి మాటలాడు అలవాటు.

మూడవది సంఖ్య. చిన్న సంస్థ గనుక చిన్న హానియే చేయునని కొంద రనుకొందురు. ఇది పొరపాటు. ఇరువదిమంది చొప్పున కొనిపోవు ఏబది సంస్థలు ఒకే యాదివారమున ఒకే కొండమీదికి పోయినచో అది వేయిమంది దండయాత్రయే. నీలగిరులకును, కొడైకెనాలునకును పోవు వాహనములకు ముందుగా అనుమతిచీటి ఉండవలెనని మద్రాసు హైకోర్టు ఆజ్ఞాపింపగా 2024 మే 7వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. కొండ యెంత బరువు మోయగలదో లెక్కవేయక ఎక్కించుట కూడదని దాని భావము. న్యాయస్థానము చెప్పువరకు మన మాగవలెనా? చిన్న సంస్థలు తమలో తాము కూడి, ఫలాని దినమున ఫలాని చోటికి ఇందరే యని వంతులు వేసికొనరాదా? పెద్ద కంపెనీకి లేని సులువు చిన్నవానికి కలదు. అతడు ఆదివారపు యాత్రను మంగళవారమునకు మార్పగలడు. వంజంగిని విడిచి ఎవరును తొక్కని ఒక చిన్న త్రోవను, ఆ త్రోవలోని పల్లెవారు సరేయన్నచో, ఎన్నుకొనగలడు. ఆ సులువే అతని మూలధనము.

నాలుగవది మర్యాద. థింసా నృత్యము మన్యపు స్త్రీలు తమ పండుగలలో, పెండ్లిండ్లలో ఒకరి భుజముపై నొకరు చేయి వైచి ఆడు సామూహిక నృత్యము. నేడది విడుదుల ముంగిట మంటవెలుగున, మద్యపు వాసనల నడుమ, గంటకింత అని ఆడించు తమాషాగా మారుచున్నది. ఆడువారు కూలికై వచ్చుట వారి యిష్టము. దానిని మేము నిందింపము. ఎంత కూలి, ఎవరి చేతిలో, ఎన్నిగంటలవరకు, చూచువాడు ఎట్లు మెలగవలెను అను నియమములను నిర్ణయించువా రెవరు? ఆడువారా, పిలిచినవారా? మన దేశముననే అండమానులో రహదారి ప్రక్క జారవా స్త్రీలచేత తిండి యాశపెట్టి ఆడించి చిత్రములు తీసిన సంగతి 2012లో వెల్లడియై లోకమంతయు తలవంచుకొన్నది. పిమ్మట సుప్రీంకోర్టు జోక్యము చేసికొనవలసి వచ్చినది. అరకు అండమాను కాదు. కాని అనుమతి యడుగక బిడ్డనెత్తుకొన్న తల్లిముఖమునకు సెల్‌ఫోను ఎత్తిపట్టు చేయి ఒక్కటే. మన ఇంటి ముంగిట అపరిచితుడు అట్లు చేసిన మన మూరకుందుమా?

అయిదవది ప్రాణము. దీనిని చివర చెప్పినను వరుసలో ఇదియే మొదటిది. ఇచ్చట మాదొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. 2019వ సంవత్సరమునకు ముందొక వానకాలమున మేమును, మా పఠనమందిర మిత్రులును పాపికొండలు చూడవలెనని ఒక చిన్న సంస్థకు సొమ్ము కట్టితిమి. తెల్లవారి రేవునకు పోగా, ఆ సంస్థ యజమాని, ఇంకను ముప్పదియేండ్లు నిండని యువకుడు, చేతులు జోడించి నిలిచి, "అయ్యా! పైన వాన కురిసినది. నీరు రంగు మారినదని మా సరంగు చెప్పుచున్నాడు. నేడు పడవ కట్టను" అనెను. తక్కిన పడవలు కదలుచునే యుండెను. మాకు కోపము వచ్చినది. మాలో నొకరు అతనిని పిరికివాడనిరి. న్యాయవాదులము గనుక మేము నోటీసు ఇచ్చెదమని గూడ అంటిమి. అతడు మారుమాటాడక సొమ్మంతయు లెక్కపెట్టి తిరిగి యిచ్చెను. ఆ దినము పోయిన పడవలన్నియు క్షేమముగనే తిరిగివచ్చినవి. మే మతనిని చూచి నవ్వుకొంటిమి.

2019 సెప్టెంబరు 15వ తేదీ, ఆదివారము, గోదావరి వరదపోటున నుండగా కచ్చులూరు దగ్గర విహారపు పడవ యొకటి బోల్తాపడినది. 26 మంది బ్రదికి బయటపడిరి. ఏబదిమంది వరకు పోయిరి. పడవను నీటి అడుగునుండి తీయుటకు అక్టోబరు 22 వరకు పట్టినది. ఆ వార్త చదివిననాడు మాకు రేవున చేతులు జోడించిన ఆ యువకుడే కన్నులయెదుట నిలిచెను. మే మతనికి క్షమార్పణము వ్రాసికొంటిమి. కాని మా బుద్ధికి పట్టిన శంక నేటికిని తీరలేదు. నదిమీద అధర్మము చేయుచున్నది పడవవాడా, పడవ కట్టుమని ఒత్తిడిపెట్టు మనమా? సొమ్ము తిరిగి యిచ్చి నష్టపడినవానిని పిరికివాడని వెక్కిరించి, ఎట్లైనను తీసికొనిపోవువానికి మరునాడు బేరమిచ్చు లోకమున బాధ్యత యెట్లు నిలుచును?

పాపికొండల యాత్రికులకు మరియొక మాట. ఒడ్డున జనసంచారము లేని ఆ ప్రశాంతిని చూచి అనేకులు మెచ్చుకొందురు. ఆ ప్రశాంతి అంతయు ప్రకృతి యిచ్చినది కాదు. పోలవరము జలాశయముకొరకు దేవీపట్నము మండలమునందలి ఒడ్డు పల్లెలు ఖాళీయైనవి. పడవలో పాటలు పెట్టు సంస్థ, ఒక్క నిమిషము ఆ పాట నాపి, ఇచ్చట ఫలాని యూరుండెను, అచ్చటివారు ఫలానిచోటికి పోయిరి అని చెప్పినచో విహారమునకు లోపమేమియు రాదు. యాత్రికునికి తాను చూచుచున్న దేమో తెలియును.

ఇక ఆక్షేపణలు. చిన్న సంస్థకు ఇవన్నియు తలకు మించిన భారమనియు, టిక్కెట్టు వెల పెరిగినచో ప్రక్కవాడు బేరము తన్నుకొనిపోవుననియు అందురు. వెల కొంత పెరుగుట నిజమే. అయితే నేటి చవక యెవరి నెత్తిమీది చవక? పల్లెవాని కూలి తగ్గించి, చెత్తను వాని వాగులో వదలి, డ్రైవరును రాత్రంతయు నిదురలేక నడిపించి తగ్గించిన వెల అది. అసలు వెల ఎవరో యొకరు కట్టుచునే యున్నారు. కట్టువాడు మాత్రము టిక్కెట్టు కొన్నవాడు కాడు. మరికొందరు, మన్యమువారికి అభివృద్ధి కావలెను, రాకపోకలకు అడ్డుచెప్పుటకు పట్టణపు పత్రికవా రెవరందురు. ఈ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము మా చేతిలో లేదు, యాత్రాసంస్థ చేతిలోను లేదు. గ్రామసభ చేతిలో నున్నది. గిరిజన ప్రదేశములలో తమ వనరులనుగూర్చియు, తమ ఆచారములనుగూర్చియు గ్రామసభకు అధికారమున్నదని 1996వ సంవత్సరపు పెసా చట్టము చెప్పుచున్నది. ఊరివారు రమ్మన్నచో రావలెను; ఇందరే రండన్నచో అందరే పోవలెను; ఈ గట్టు మా దేవతది, ఎక్కకుడన్నచో దిగువనే నిలిచి నమస్కరించి రావలెను.

ప్రభుత్వమే యీ కట్టుబాట్లు చేయనిమ్మని చేతులు ముడుచుకొని కూర్చుండువారును కలరు. వారికి మేము శాసనమునే చూపుదుము. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను నేరముగా చూచుచున్నది. పర్యావరణమునకు మేలుచేయుచున్నామని గొప్పలు చెప్పుకొనువారు ఆ మాటకు ఆధారములు చూపవలెనని 2024లో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల సంరక్షణాధికార సంస్థ మార్గదర్శకములు వెలువరించినది. ఇక మీదట "పచ్చని యాత్ర" అని అచ్చువేసినవాడు పచ్చదనమెంతో నిరూపింపవలసియుండును. కావున సత్యము పలుకుట ధర్మము మాత్రమే కాదు, క్షేమము కూడను.

చిన్న సంస్థలకు మా సలహా క్లుప్తము. ప్రతి యాత్ర ముగిసినవెనుక ఒక కాగితముమీద లెక్క వ్రాసి యాత్రికుల చేతికిండు. వసూలైన దెంత, డ్రైవరునకెంత, ఆ యూరి మార్గదర్శికెంత, వంటచేసినవారికెంత, కొండదింపిన చెత్త యెన్ని సంచులు, తమకు మిగిలిన దెంత. సమత తీర్పులో న్యాయస్థానము నికరలాభమునందు కనీసము 20 శాతము గిరిజనుల నీటికి, బడికి, వైద్యమునకు, పారిశుద్ధ్యమునకు కేటాయింపవలెనని గనుల సందర్భమున పలికినది. ఆ మాట రెండు వాహనముల యజమానిని శాసనరీత్యా కట్టివేయదని న్యాయవాదులుగా మేమే చెప్పెదము. కాని న్యాయ మెంత దూరము పోవలెనో చూపు కొలబద్దగా దానిని తీసికొనుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు. ఆ లెక్కకాగితమే మీకు అన్నిటికంటె మంచి ప్రకటన.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకును ఒక మాట. 1830 మే 18వ తేదీన మద్రాసునుండి బయలుదేరి కాశికిపోయి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, వెంట నూరుమంది పరివారమున్నను, మజిలీ మజిలీకిని అచ్చటి నీరెట్టిది, అంగళ్లలో ఏమి దొరకును, జను లెట్లు బ్రదుకుచున్నారు అని విచారించి వ్రాసికొనిరి. అందువలననే ఆయన యాత్ర నేటికిని మనకు పనికివచ్చుచున్నది. మనము కొండనుండి ఛాయాచిత్రములు తెచ్చుచున్నాము. ఆ యూరి పేరైనను తెచ్చుట లేదు. ఈ మారు టిక్కెట్టు కొనునపుడు మూడు ప్రశ్నలు వేయుడు: మేము పండుకొను చోటు ఎవరిది? మేమిచ్చు రూపాయిలో ఊరికి పోవున దెంత? వాన వచ్చినచో యాత్ర మానుదువా? మూడవ ప్రశ్నకు "మానుదును" అని చెప్పువానికే సొమ్ము కట్టుడు. అతడు నిజముగా మానిననాడు, మేము చేసిన తప్పు మీరు చేయక, అతని చేయిపట్టుకొని కృతజ్ఞత చెప్పి ఇంటికి రండు.